అతుకు పెట్టాలా, ఫ్రేము మార్చాలా?

సీటు కింద పైపు పగిలిన సైకిల్‌ను నడిపించుకుంటూ బిచ్కుంద బజారుకు తెచ్చిన రైతుకు రెండు సలహాలు దొరుకుతాయి. వెల్డింగ్ షాపులో "రెండు చుక్కలు పెడ్తే ఐపోతది కాకా" అంటారు. సైకిల్ షాపులో "గీ బాడీ ఇగ పనికిరాదు కాకా, కొత్తది ఎక్కించుకో" అంటారు. ఇద్దరిలో ఎవరూ మోసం చేయడం లేదు. వెల్డింగ్ షాపులో ఉన్నది కరెంటు మెషీను, కాబట్టి అక్కడ ఏ పగులైనా రెండు చుక్కల పనే. సైకిల్ షాపులో పానాలు, సుత్తి, పంచరు సామాను తప్ప మంట లేదు, కాబట్టి అక్కడ ఏ పగులైనా కొత్త ఫ్రేమే. రైతు మాత్రం జేబు తడిమి చూసుకుని రెండింట్లో చవకైనదాన్ని ఎంచుకుంటాడు.

ఇనుప సైకిల్ ఫ్రేము దెబ్బతింటే బాగు చేయించాలా, భాగాన్ని మార్చాలా అన్న ప్రశ్న సైకిల్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. దానికి మెకానిక్కులు ఒక జవాబు, ఇంజనీర్లు ఒకటి, కంపెనీలు ఇంకొకటి చెబుతూ వచ్చారు. వాటన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు రెండే విషయాలు తేలాయి. ఒకటి, దెబ్బ ఎంత పెద్దది అన్నదానికన్నా ఎక్కడ తగిలింది అన్నది ముఖ్యం. రెండు, బాగు చేయవచ్చా లేదా అన్నది ఇనుము మీదకన్నా మంట మీద, ఆ మంట పట్టుకున్న చేతి మీద ఎక్కువ ఆధారపడుతుంది. బిచ్కుంద లాంటి ఊళ్లలో నేడు కరువైంది ఇనుము కాదు, ఆ మంటే.

ఊరు, బరువు, దారి

2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడే దాకా బిచ్కుంద నిజామాబాద్ జిల్లాలో మండల కేంద్రం. దగ్గరలో మంజీర, కొద్ది దూరంలో మహారాష్ట్ర, ఇంకోవైపు కర్ణాటక. చుట్టూ నల్లరేగడి: పత్తి, సోయా, కంది, పెసర. ఈ నేల సైకిల్‌కు మంచిది కాదు. వానాకాలంలో మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య కూరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. ఎండాకాలంలో ట్రాక్టర్ జాడలు రాయిలా గట్టిపడి, వాటిలో పడ్డ ముందు చక్రం ఎటు తిరుగుతుందో తెలియదు. ఆ దారుల్లో క్యారేజీ మీద యూరియా బస్తా వేసుకుని వెళ్తారు. బస్తా ఇప్పుడు నలభై అయిదు కిలోలే, 2018 దాకా యాభై ఉండేది. కల్లు కుండలు, పాల క్యాన్లు, గడ్డి మోపులు దానికి అదనం. నున్నటి తారు రోడ్డు మీద ఒక మనిషి కూర్చుని పోయే లెక్కన రాసిన పుస్తకాల సలహా ఇక్కడ యథాతథంగా పనిచేయదు.

సైకిల్ తొక్కే మనుషులూ మారారు. పొలానికి పోయే పెద్దాయన చాలా ఊళ్లలో టీవీఎస్ ఎక్సెల్ ఎక్కేశాడు. గంటకు ఇంత అని కిరాయికి ఇచ్చే సైకిల్ షాపులు దాదాపు కనుమరుగయ్యాయి. పై రాడ్డు కింద నుంచి కాలు దూర్చి కాంచి తొక్కుడు నేర్చుకున్న తరం ఇప్పుడు మనవళ్లకు గేర్ల సైకిల్ కొనిస్తోంది. అయినా డబుల్ బారు నల్ల సైకిల్ పూర్తిగా పోలేదు. పెట్రోలు పోసే స్తోమత లేనివాళ్ల దగ్గర, లైసెన్సు వయసు రాని పిల్లల దగ్గర, పొలం గట్టు మీద మోటారు బండి నడపలేని ముసలివాళ్ల దగ్గర అది ఉంది. సైకిల్ మూలన పడితే వీళ్లకు వేరే బండి లేదు. ఫ్రేము ప్రశ్న నిజంగా వీళ్లదే.

ఈ ఫ్రేము ఎక్కడి నుంచి వచ్చింది

ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చిన రోవర్ సైకిల్ తర్వాత రెండు సమాన చక్రాలు, వెనక చక్రానికి చైను అన్న పద్ధతి స్థిరపడింది. కొద్ది ఏళ్లలోనే పైపులతో కట్టిన వజ్రాకారపు ఫ్రేము వచ్చింది. అప్పటి నుంచి సారాంశంలో అదే. పైపుల చివరలను ఇనుప తొడుగుల్లో దూర్చి, ఆ సందులోకి కరిగిన ఇత్తడి పారించి అతుకుతారు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి: నల్ల సైకిల్ ఫ్రేములో పైపు పైపుకు నేరుగా కరిగి కలవలేదు, మధ్యలో ఇత్తడి ఉంది. ముందు ముందు వచ్చే గొడవంతా దీని చుట్టూనే.

స్వాతంత్ర్యానికి ముందు మన దగ్గరికి వచ్చినవి ఎక్కువగా ఇంగ్లీషు సైకిళ్లు. తర్వాత దేశంలోనే తయారీ పెరిగింది. 1949లో మద్రాసులో మురుగప్ప వారు ఇంగ్లండు కంపెనీతో కలిసి టీఐ సైకిల్స్ పెట్టారు. హెర్క్యులస్ వాళ్లదే. బెంగాల్‌లో అసన్‌సోల్ దగ్గర సేన్-రాలే, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో ముంజాల్ సోదరుల హీరో వచ్చాయి. 1986లో ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారు చేసే సంస్థగా హీరో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అట్లాస్ కథ వేరు. సాహిబాబాద్‌లో మిగిలిన దాని చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. ఫ్యాక్టరీ మూతపడినా అట్లాస్ సైకిళ్లు ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. వాటికి సామాను ఇబ్బంది లేకపోవడానికి కారణం ఒకటే: ఏ కంపెనీదైనా నల్ల సైకిల్ కొలతలు దాదాపు ఒకటే. అట్లాస్ ఫ్రేములో హీరో ఫోర్కు, హెర్క్యులస్ చక్రం కూర్చుంటాయి. రెండు ఫోన్ల చార్జర్లు ఒకదానికొకటి సరిపోవడానికి ఏళ్లు పట్టిన కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

మార్చడం సులువు కావడానికి ఈ ఏకరూపమే కారణం. బాగు చేయడం సులువు కావడానికి మెత్తటి ఇనుము కారణం. నల్ల సైకిల్ పైపులు తక్కువ కార్బన్ ఉన్న సాదా ఉక్కు, గోడ మందం మిల్లీమీటరుకు కాస్త పైన. వంగుతుంది, తిరిగి వంచితే వస్తుంది, వేడి చేస్తే ఓర్చుకుంటుంది. పందెం సైకిళ్ల సంగతి అలా కాదు. రేనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన 531 పైపులు మాంగనీసు, మాలిబ్డినం కలిసిన పలుచటి ఉక్కు. ఆ తర్వాత వచ్చిన 753ని ఇత్తడితో అతకవద్దని, అంతకన్నా తక్కువ వేడికి కరిగే వెండి మిశ్రమంతోనే అతకమని కంపెనీ నియమం పెట్టింది. ఉక్కు ఎంత ఖరీదైనదైతే బాగుచేత అంత కష్టం. ఈ ఒక్క విషయంలో పేదవాడి సైకిల్‌దే పైచేయి.

దారంతో పరీక్ష

సైకిల్ పడ్డ తర్వాత మొదట అడగాల్సింది "విరిగిందా" అని కాదు, "వంగిందా" అని. కంటికి బాగానే కనిపించే ఫ్రేము నడుస్తుంటే ఒక పక్కకు లాగుతుంది, చేతులు వదిలితే నిలవదు. దీన్ని పట్టుకోవడానికి దారం చాలు. వెనక చక్రం తీసి, ఇరుసు కూర్చునే ఒక గాడికి దారం కట్టాలి. ఆ దారాన్ని ముందు హ్యాండిల్ పైపు చుట్టూ తిప్పి, రెండో పక్క గాడికి బిగుతుగా కట్టాలి. సీటు పైపుకు అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో చూడాలి. రెండు పక్కలా సమానంగా ఉంటే ఫ్రేము సూటిగా ఉన్నట్టు. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు. అయిదు దాటితే వెనక భాగం ఒక పక్కకు వంగిందని తెలుసుకోవాలి.

వెనక పైపులు అలా వంగితే వేడి పెట్టకుండా, పొడుగాటి దుంగను మీటగా వాడి, కొద్దికొద్దిగా వంచి సరిచేయవచ్చు. అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన సైకిల్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ (1944-2008) ఈ పద్ధతిని రాసి ప్రపంచమంతా పాకించాడు. ఇనుప ఫ్రేముకు ఇది చేయవచ్చు, అల్యూమినియానికి చేయకూడదు అన్నది ఆయన గట్టిగా చెప్పిన మాట. ఆయన పేరు వినని మన మెకానిక్కులు వేపకట్టెతోనో, ఇనుప రాడ్డుతోనో ఎప్పటి నుంచో చేస్తున్నది అదే. తేడా ఒక్కటే: మనవాళ్లు వంచాక దారం పెట్టి చూడరు, కంటితో చూసి "సెట్ అయింది" అంటారు. కన్ను ఈ పనికి చాలదు.

ఫోర్కు దగ్గర బేరం లేదు

ముందు నుంచి గుద్దుకున్నప్పుడు మొదట దెబ్బ తినేది ఫోర్కు, మన వైపు మాటలో చిమ్టా. పక్క నుంచి చూస్తే ముందు చక్రం కింది రాడ్డుకు దగ్గరగా జరిగి ఉంటుంది. తొక్కుతూ హ్యాండిల్ తిప్పితే కాలి బొటనవేలు మడ్‌గార్డుకు తగులుతుంది. సుత్తితో, పైపు ముక్కతో దాన్ని ముందుకు లాగి సరిచేయడం సైకిల్ షాపుల్లో రోజూ కనిపించేదే. చాలాసార్లు అది నడుస్తుంది కూడా.

అయినా నా మాట ఇది: గట్టిగా వంగిన ఫోర్కును సరిచేయించకండి, మార్చండి. కారణం ఫోర్కు కాళ్లు కాదు, వాటి పైన హ్యాండిల్ పైపులోకి దూరి ఉండే కాడ. దెబ్బ బలమంతా ఆ కాడ కింది భాగంలో, ఫోర్కు భుజం దగ్గర పడుతుంది. అక్కడ వచ్చే పగులు పైపు లోపల దాగి ఉంటుంది, విప్పితే తప్ప కనిపించదు. వెనక పైపు పగిలితే కిర్రు కిర్రుమంటుంది, చక్రం రాసుకుంటుంది, చైను జారుతుంది. నాలుగు రోజుల ముందే చెబుతుంది. ఫోర్కు కాడ అలా చెప్పదు. తెగిన క్షణంలో ముందు చక్రం విడిపోతుంది, తొక్కేవాడు మొహం మీద పడతాడు. బస్తాతో దిగుడులో ఉన్నప్పుడు అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నల్ల సైకిల్‌కు కొత్త ఫోర్కు ధర ఒక రోజు కూలిని పెద్దగా మించదు. ఇంత తక్కువ డబ్బుకు ఇంత పెద్ద ప్రమాదం తప్పే చోటు సైకిల్‌లో ఇంకొకటి లేదు.

ఫోర్కు మార్చినంత మాత్రాన పని అయిపోలేదు. అంత దెబ్బ తగిలితే దాని వెనక ఉన్న రెండు రాడ్లూ వంగి ఉండవచ్చు. హ్యాండిల్ పైపుకు రెండు మూడు అంగుళాల వెనక, కింది రాడ్డు అడుగు భాగంలో బొటనవేలు ఆనించి మెల్లగా లాగండి. పెయింటు పెచ్చులూడి, వేలికి అలలా ముడత తగిలితే పైపు గోడ నలిగింది. నలిగిన పైపును వెనక్కి లాగి సూటిగా చేసినా ఆ ముడత పోదు. మళ్లీ బరువు పడినప్పుడు అక్కడే మడతపడుతుంది. ఇంగ్లండు, ఇటలీల్లో ఇలాంటప్పుడు తొడుగులను వేడి చేసి, పాత పైపును బయటికి లాగి, కొత్తది దూర్చి అతికే పనివాళ్లు ఉన్నారు. విలువైన పాత పందెం సైకిల్‌కు ఆ ఖర్చు తగినదే. లూధియానా ఫ్రేముకు ఆ పని చేయిస్తే కూలి ఫ్రేము ధరను దాటుతుంది. కనుక ముందు పైపులు ముడత పడితే ఫ్రేము మార్చడమే లెక్క.

పగులు, ఇత్తడి, కరెంటు

పంచాయితీ అంతా పగుళ్ల దగ్గరే. పగుళ్లు ఒక్క దెబ్బతో రావు, కొన్ని వేల సార్లు పడ్డ చిన్న బరువులతో వస్తాయి. చైను పక్కన పెడళ్ల ఇరుసు గొట్టానికి దగ్గర, వెనక ఇరుసు గాడుల దగ్గర, సీటు పైపు పై అంచు దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. మూడోదానికి చాలాసార్లు కారణం మనమే. పొడుగు మనిషి సీటు పైకి లాగుతాడు, లోపల రెండంగుళాలు కూడా మిగలదు. సీటు కాడ పైపును లోపలి నుంచి గునపంలా మీటుతుంది, అంచు చీలుతుంది.

ఉక్కుకు ఒక మంచి గుణం ఉంది. ఒక హద్దు లోపల పడే బరువులు ఎన్నిసార్లు పడినా అది అలసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, చిన్న బరువులైనా లెక్క పెట్టుకుంటూ పోతుంది. అందుకే సరిగ్గా అతికిన ఉక్కు ఫ్రేము మళ్లీ ఏళ్ల తరబడి నడవగలదు. ఆ "సరిగ్గా" అన్న మాట దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

కరెంటు వెల్డింగ్ పైపు ఇనుమునే కరిగించి కలుపుతుంది. ఇనుము కరిగేది దాదాపు 1500 డిగ్రీల దగ్గర. గేటుకు, ట్రాలీకి వాడే మందపాటి ఇనుము మీద చేయి తిరిగిన వెల్డర్, మిల్లీమీటరు మందం ఉన్న పైపు మీద అదే కడ్డీ పెడితే బొక్క పడుతుంది. ఆ బొక్క పూడ్చడానికి ఇంకో చుక్క, దాని పక్కన ఇంకోటి. చివరకు పగులు ఉన్న చోట ఒక ముద్ద తేలుతుంది. చూడటానికి బలంగా ఉంటుంది. నిజానికి ముద్ద బలంగానే ఉంటుంది, దాని అంచున పైపు గోడ తినేసి పలుచబడి ఉంటుంది. తర్వాతి పగులు ఆ అంచు వెంటే వస్తుంది. "వెల్డింగ్ దగ్గర విరగలేదు, పక్కన విరిగింది" అని వెల్డర్ చెప్పేది నిజమే, కాకపోతే అది ఆయన పనికి సర్టిఫికెట్ కాదు.

ఇంకో చిక్కు ముందు చెప్పిన ఇత్తడితో. తొడుగు దగ్గర పగిలిన చోట కరెంటు వెల్డింగ్ పెడితే లోపలి ఇత్తడి మరిగి, అందులోని జింకు తెల్లటి పొగగా లేస్తుంది. కరిగిన ఇత్తడి ఎర్రగా కాలుతున్న ఉక్కు గింజల మధ్యకు దూరి కొత్త పగుళ్లు తెస్తుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు సాయంత్రానికి జ్వరం, వణుకు రావడం వెల్డర్లు ఎరిగినదే. ఇత్తడితో అతికిన చోట మళ్లీ ఇత్తడితోనే అతకాలన్న నియమం పాతకాలపు పట్టింపు కాదు, దాని వెనక ఇంత కారణం ఉంది.

ఇత్తడి అతుకు ఎలా ఉండాలో దగ్గరగా చూద్దాం. ముందు చక్రాలు, ఇరుసు, బాల్సు, గ్రీసు అన్నీ తీసేయాలి. పగులు చుట్టూ రెండంగుళాల మేర పెయింటు గీకి ఇనుము మెరిసేదాకా ఆకురాయి పట్టాలి. పగులు ఎంత దూరం పోయిందో తెలియడానికి కిరోసిన్ రాసి, కాసేపాగి పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దాలి. పగుల్లో దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి, వెంట్రుకంత గీత తడిగా తేలుతుంది. కంటికి అంగుళం కనిపించిన పగులు సుద్ద మీద అంగుళంన్నర కావడం మామూలే. ఆ గీత రెండు కొసల దగ్గర సన్న బెజ్జాలు వేస్తే పగులు ముందుకు పాకదు. తర్వాత కాస్త పెద్ద పైపు ముక్కను నిలువుగా చీల్చి, పగులు మీద కప్పుగా తొడగాలి. ఆ కప్పు అంచులు అడ్డంగా కోసినట్టు ఉండకూడదు, కొసలు సన్నగా వాలాలి. అడ్డంగా ఉంటే బరువంతా ఆ గీత మీదే పడుతుంది.

ఇక గ్యాస్ మంట. పైపు నారింజ ఎరుపుకు తిరిగినప్పుడు వెలిగారం చల్లితే అది గాజులా కరిగి ఇనుము మీద పరుచుకుంటుంది. అప్పుడు ఇత్తడి కడ్డీ తాకిస్తే, దాదాపు 900 డిగ్రీల దగ్గర, ఇత్తడి నీళ్లలా సందులోకి జారుతుంది. పైపు ఇనుము కరగదు. ఎక్కడ వేడి ఉంటే ఇత్తడి అటు పోతుంది, కాబట్టి మంటను ఇత్తడి మీద కాదు, అది పోవాల్సిన చోట పెట్టాలి. చేతి పని అంతా ఇదే. అయ్యాక నీళ్లు కొట్టకుండా దానంతట అది చల్లారనివ్వాలి. గాజులా మిగిలిన వెలిగారాన్ని వేడినీళ్లు, తీగ బ్రష్షుతో తీసేసి పెయింటు వేయాలి. తీయకపోతే దాని కింద తుప్పు పుడుతుంది.

ఇలా చేసిన అతుకు వెనక పైపుల మీద, సీటు దగ్గర, ఇరుసు గాడుల దగ్గర పూర్తిగా నమ్మదగినది. అక్కడ ఫ్రేము మార్చమని చెప్పేవారి మాట వినక్కర్లేదు.

మంట ఎక్కడ దొరుకుతుంది

గ్యాస్ వెల్డింగ్‌కు ఆక్సిజన్, ఎసిటిలీన్ సిలిండర్లు కావాలి, నింపించుకోవడానికి పట్నం పోవాలి. ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీను చేతిలో మోసుకుపోయేంత చిన్నదైపోయింది, ప్లగ్గు పెడితే చాలు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, రేకుల షెడ్లు, ట్రాక్టర్ ట్రాలీల పనికి అదే కావాలి. మండల కేంద్రాల్లో గ్యాస్ మంట తగ్గిపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ పూర్తిగా పోలేదు. గేట్ల వెల్డర్ దగ్గర వెతికితే దొరకదు. ట్రాక్టర్ రేడియేటర్లు అతికేవారి దగ్గర, లారీలకు, జీపులకు డెంటింగ్ చేసేవారి దగ్గర దొరుకుతుంది. పిట్లం, మద్నూర్ మీదుగా దెగ్లూర్ పోయే జాతీయ రహదారి పక్కన అలాంటి పనిచోట్లు వెతకడం మేలు. పలుచటి రేకును బొక్క పడకుండా వేడి చేయడం వాళ్ల రోజువారీ పని. సైకిల్ పైపు వాళ్లకు కొత్తేమీ కాదు.

ఫ్రిజ్ మెకానిక్ దగ్గరా గ్యాస్ మంట ఉంటుంది. అయితే ఆయన రాగి పైపులకు వాడే కడ్డీలో భాస్వరం ఉంటుంది. ఇనుము మీద అది పెళుసు పొర కడుతుంది, అతుకు గాజులా విరుగుతుంది. ఆయన చేత చేయించినా ఇత్తడి కడ్డీ, వెలిగారం మనమే పట్టుకెళ్లాలి.

తుప్పు, మరలు, ఇతరాలు

తుప్పు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పైపును చిన్న సుత్తితో తట్టినప్పుడు టంగుమనాలి. పగిలిన కుండలా మోగితే, స్క్రూడ్రైవరు మొనతో నొక్కినప్పుడు లోపలికి పోతే, దానికి ఇత్తడి పట్టదు, కరెంటు నిలవదు. మార్చాలి. నీరు చేరేది పెడళ్ల ఇరుసు గొట్టంలో. దాని అడుగున చిన్న బెజ్జం వేయించి, ఏడాదికోసారి పైపుల్లో కాస్త పాత ఇంజనాయిల్ పోసి తిప్పితే ఈ మాట అనుకునే అవసరం రాదు.

ఇరుసు గొట్టం మరలు అరిగి కప్పులు తిరిగిపోతుంటే రేకు ముక్క పెట్టి బిగించడం వానాకాలం గడిచేదాకా పనిచేస్తుంది. పిల్లల గేర్ల సైకిళ్లలో ఇనుపవాటికి తొడుగులు ఉండవు, పైపులను నేరుగా వెల్డింగ్ చేసి ఉంటారు. అక్కడ లోపల ఇత్తడి లేదు కాబట్టి సన్న తీగతో చేసే మిగ్ వెల్డింగ్ వాడవచ్చు. అల్యూమినియం ఫ్రేము పగిలితే మన ఊళ్లలో దానికి వైద్యం లేదు. వెల్డింగ్ తర్వాత దాన్ని కొలిమిలో మళ్లీ పదును పెట్టాలి, ఆ కొలిమి మన దగ్గర లేదు.

లెక్కలు

కొత్త నల్ల సైకిల్ నేడు అయిదారు వేల మాట. పాతదాన్ని ఇనుప సామాను కింద అమ్మితే ఇరవై కిలోలకు వచ్చేది ఆరేడు వందలు. ఫ్రేము ఒక్కటే కొని చక్రాలు, హ్యాండిల్, చైను, సీటు పాతవే ఎక్కించుకుంటే రెంటికీ మధ్యలో పడుతుంది. ఇత్తడి అతుకు అన్నింటికన్నా తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ పన్నెండు శాతం నుంచి అయిదుకు తగ్గింది. ఇది కొత్తది కొనేవారికీ, ఫోర్కు మార్చుకునేవారికీ మేలే.

పర్యావరణం కోసం బాగు చేయించాలనే వాదన తరచూ వినిపిస్తుంది. సైకిల్ ఫ్రేము విషయంలో నాకు అది బలహీనంగా తోస్తుంది. టన్ను ఉక్కు తయారీకి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన అయిదు కిలోల ఫ్రేముకు పది కిలోలు, అంటే నాలుగైదు లీటర్ల పెట్రోలు కాల్చినంత. పాత ఫ్రేము ఎలాగూ కరిగి మళ్లీ ఇనుమవుతుంది. అసలు నష్టం వేరే చోట ఉంది: విరిగిన సైకిల్ మూలన పడి దాని యజమాని మోటారు బండికి మారితే, ఆ పెట్రోలు ఒక్క నెలలోనే కాలిపోతుంది. కాబట్టి అతుకైనా, కొత్త ఫ్రేమైనా, సైకిల్ మళ్లీ దారి ఎక్కడమే ముఖ్యం.

దీన్ని కొన్ని దేశాలు గుర్తించాయి. కరోనా మొదటి లాక్‌డౌన్ సడలించగానే, 2020 మే నెలలో ఫ్రాన్సు ప్రభుత్వం మూలన పడ్డ సైకిల్ బాగు చేయించుకునేవారికి యాభై యూరోల దాకా సాయం ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఇంగ్లండు యాభై పౌండ్ల వోచర్లు ఇచ్చింది. ఆఫ్రికా పల్లెల కోసం వరల్డ్ బైసికల్ రిలీఫ్ సంస్థ తయారు చేయించిన బఫెలో సైకిల్ మన నల్ల సైకిల్‌కు దగ్గరి చుట్టమే: బరువైన ఉక్కు ఫ్రేము, బలమైన క్యారేజీ. ఆ సంస్థ సైకిల్‌తో పాటు ఊళ్లలో మెకానిక్కులకు శిక్షణ కూడా ఇస్తుంది. ఇంకా వెనక్కి పోతే, 1954లో దియెన్ బియెన్ ఫు యుద్ధంలో వియత్నాం వాళ్లు సైకిల్ ఫ్రేములకు వెదురు, ఇనుప ముక్కలు కట్టి ఒక్కోదాని మీద రెండు వందల కిలోలకు పైగా సరుకు తోసుకుపోయారు. ఉక్కు ఫ్రేము ఎంత మోయగలదో అది చాలు చెప్పడానికి.

మన దగ్గర ప్రభుత్వాలు సైకిళ్లు ఇవ్వడం ఎరుగుదుము. బిహార్ 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో ఇచ్చారు. ఇవ్వడం దగ్గరే పథకం ఆగుతుంది. రెండో ఏడు వెనక పైపు పగిలితే ఆ పిల్ల ఎక్కడికి పోవాలన్నది ఏ పథకంలోనూ ఉండదు.

ఇందుకు కొత్త పథకం కూడా అక్కర్లేదు. ఐటీఐ వెల్డర్ కోర్సులో గ్యాస్ వెల్డింగ్, ఇత్తడి బ్రేజింగ్ పాఠాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని కొత్త రేకు ముక్కల మీద నేర్పించి వదిలేయడం కన్నా, పాత సామాన్ల దుకాణంలో కిలోల లెక్కన దొరికే పగిలిన సైకిల్ ఫ్రేములు తెచ్చి, ఒక్కో విద్యార్థి చేత ఒకటి అతికించాలి. మన కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో వెల్డర్ కోర్సు చెప్పే మాస్టర్లకు నా మనవి ఇదే. అతికిన ఫ్రేముల్లో నిలిచినవాటిని చక్రాలు ఎక్కించి బడికి నడిచి వెళ్లే పిల్లలకు ఇవ్వండి, ఫోర్కు మాత్రం కొత్తది వేయండి.